ఎత్తిన ముడి విప్పరు: గోదావరి జిల్లాల సాయంత్రపు కేబుల్ టీవీ సమీక్ష

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం... ఎక్కడ చూసినా సాయంత్రం ఆరు దాటితే టీవీ మోగుతూనే ఉంటుంది. ఒకవైపు సీరియళ్లు, అదే వేళకి పక్క చానళ్లలో రాజకీయ చర్చలు. ఇంట్లో రిమోట్ ఒకటే, కావలసినవాళ్లు ముగ్గురు. ఈ సమీక్ష ఒక చానల్ మీద కాదు, ఒక పార్టీ మీద అసలే కాదు. నెలనెలా డబ్బు కట్టి మనం కొనుక్కుంటున్న ఆ మూడున్నర గంటల సరుకు మీద. బొమ్మకి పెద్దగా వంక పెట్టక్కర్లేదు. ఖర్చు తగ్గించుకునే దారులూ ఉన్నాయి. లోపమంతా సరుకులోనే ఉంది. సీరియలైనా చర్చయినా ఎత్తుకున్న ప్రశ్నకి జవాబు చెప్పదు, రేపు రమ్మంటుంది.

ముందు డబ్బు సంగతి చూద్దాం. బిల్లులో రెండు ముక్కలుంటాయి. ఒకటి కనెక్షన్‌కి కట్టే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, దాన్నే ఎన్‌సీఎఫ్ అంటారు. రెండోది పే చానళ్ల ధర. 200 చానళ్లకి ఎన్‌సీఎఫ్ 130 రూపాయలు దాటకూడదని 2020లో టెలికాం, టీవీ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ హద్దు పెట్టింది. 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. 2024 జులైలో ఆ హద్దు ఎత్తేసింది. ఇప్పుడు ఎన్‌సీఎఫ్ ఎంతో కంపెనీయే నిర్ణయించుకుంటుంది, కాకపోతే దాన్ని బయటికి ప్రకటించాలి. అందుకే కేబుల్ అబ్బాయిని "ప్యాక్ ఎంత?" అని అడిగి ఊరుకుంటే లాభం లేదు. ఎన్‌సీఎఫ్ ఎంత, చానళ్లకి ఎంత, విడివిడిగా చెప్పమనాలి.

చానళ్ల ధరకీ ఒక నియమం ఉంది. బొకేలో, అంటే కొన్ని చానళ్లు కట్టగట్టి అమ్మే ప్యాక్‌లో, పెట్టే ఏ చానల్ విడి ధరయినా 19 రూపాయలు మించకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి ఇది అమల్లో ఉంది. స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీ నాలుగూ ఒక్కొక్కటి 19 చొప్పున వేసుకున్నా 76, జీఎస్టీతో 89 రూపాయల 68 పైసలు. అంతకు మించి పడదు. విడి ధరల మొత్తం మీద 45 శాతం దాకా తగ్గించి బొకే ఇవ్వచ్చు కాబట్టి చూడ్డానికి అదే చవగ్గా కనిపిస్తుంది. కానీ ఇంట్లో నిజంగా నడిచేవి రెండు చానళ్లే అయితే విడిగా తీసుకోవడమే మేలు. తెలుగు వార్తా చానళ్లు చాలా వరకు ఉచితమే. ఉచితం అంటే వాటికి డబ్బిచ్చేది మనం కాదు, ప్రకటనదారు అని అర్థం. ఈ మాట గుర్తుపెట్టుకుంటే చర్చల తీరు ఎందుకలా ఉందో సగం తెలిసిపోతుంది.

బొమ్మ గురించి రెండు మాటలు చాలు. డీటీహెచ్ అయితే జోరువానలో సిగ్నల్ పోవడం మామూలే, వాన తెరిపిస్తే అదే వస్తుంది. వాన లేకుండా పోతోందంటే కొబ్బరి మట్ట డిష్‌కి అడ్డమొచ్చిందేమో చూడాలి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్లలోనైతే ఉప్పుగాలికి ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే ముక్క) దగ్గర కనెక్టర్ తుప్పు పట్టి ఉంటుంది. కనెక్టర్ మార్చి, నీరు దిగకుండా టేపు గట్టిగా చుట్టించాలి. ఊళ్లో కేబుల్ లైన్‌కయితే మట్టలు పడటం, దారిలో ఉన్న యాంప్లిఫయర్‌కి కరెంటు పోవడం, ఈ రెండే పెద్ద జబ్బులు.

ఇక సీరియల్. అరగంట స్లాటు. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు ఉండకూడదని 1994 నాటి కేబుల్ నియమాలు చెబుతున్నాయి. ఆ లెక్కన అరగంటలో కథకి 24 నిమిషాలు మిగలాలి. అందులోంచి టైటిల్ పాట, నిన్నటి కథ, రేపటి తునకలు తీసేయండి. మిగిలిందాంట్లో ఏం జరుగుతుందో ఒక్క సీను పట్టుకుని చూస్తే చాలు. కోడలు గదిలో ఫోన్లో మాట్లాడుతుంటుంది. అత్తగారు తలుపు పక్కన నిలబడి వింటుంది. కోడలు ఒక మాట అంటుంది. కెమెరా అత్తగారి ముఖం మీదకి మూడుసార్లు దూకుతుంది, మూడుసార్లూ అదే మోత. తర్వాత హాల్లో ఆడపడుచు ముఖం, మెట్ల మీద మరిది ముఖం, వంటింటి గుమ్మంలో పిన్నిగారి ముఖం. వాళ్లకి ఆ మాట వినపడే అవకాశమే లేదు, అయినా అందరూ ఉలిక్కిపడతారు. ఆపైన అత్తగారి మనసులో మాటగా, ఇప్పుడే మనం విన్న వాక్యం మళ్లీ వినిపిస్తుంది. బ్రేక్. బ్రేక్ అయ్యాక మళ్లీ ఆ కోడలు, ఆ తలుపు, ఆ మోత. కథ నడిచింది ఒక్క వాక్యమే.

దీనికి కారణం రాసేవాళ్ల చేతగానితనం కాదు. పని జరిగే తీరే అలా ఉంది. వారానికి ఆరు రోజులు ఎపిసోడ్ పోవాలి. కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు మరొకరు. ముందుగా తీసిపెట్టుకున్న ఎపిసోడ్లు కొన్నే ఉంటాయి కాబట్టి ఒక ఆర్టిస్టు డేట్లు దొరక్కపోతే ఆ పాత్ర హఠాత్తుగా ఊరెళ్లిపోతుంది, ఆ పాత్ర చెప్పాల్సిన నిజం ఆగిపోతుంది. సెట్టు ఒకటే ఇల్లు. హాలు, మెట్లు, వంటిల్లు, పూజగది. బయటికెళ్లి తీస్తే ఖర్చు. గురువారం గురువారం, ఎంతమంది ఏం చూశారో లెక్కపెట్టే బార్క్ సంస్థ రేటింగులు వస్తాయి. ఏ ట్రాక్‌కి అంకె పెరిగిందో ఆ ట్రాక్ సాగుతుంది. పెళ్లి ట్రాక్‌కి పెరిగితే పెళ్లి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. అన్నిటికన్నా పెద్ద కారణం, ఎన్ని ఎపిసోడ్లలో ముగించాలో ముందు అనుకోకపోవడం. ముగింపు తెలియని కథకి మధ్యలో ఏ ముడినీ విప్పే ధైర్యం ఉండదు. ఒక ముడి విడిందంటే రేపు చూడ్డానికి ఒక కారణం తగ్గినట్టేనని వాళ్ల భయం.

స్టార్ మాలో 2017లో మొదలై 2023 జనవరిలో ముగిసిన కార్తీక దీపం ఇక్కడ చెప్పుకోవాల్సిన ఉదాహరణ. భార్య మీద భర్తకి పుట్టిన అనుమానం చుట్టూ అది ఏళ్ల తరబడి తిరిగింది. డీఎన్‌ఏ పరీక్ష అనే మాట తెలుగు ఇళ్లలో నానిపోయింది దానివల్లే. అయినా జనం చూశారు. ఎందుకు చూశారంటే వంటలక్క కోసం. మొగుడి ఇల్లు వదిలి, వంట చేసి సంపాదించుకుంటూ, కూతుర్ని చూసుకునే మనిషి ఆమె. తెల్లారి లేస్తే ఆమెకి ఒక పని ఉంది. ఆ తర్వాత వచ్చిన సీరియళ్లు చాలావరకు అందులోంచి అనుమానాన్ని తీసుకున్నాయి కానీ ఆ పనిని తీసుకోలేదు. ఈ ఒక్క పొరపాటు ఎంత నష్టం చేసిందో చెప్పలేం.

పని అన్నాం కాబట్టి మన ప్రాంతాన్ని చూపించే తీరు కూడా చూద్దాం. కథ కోనసీమలో మొదలవుతుంది. మనిషి నోరు తెరిస్తే ప్రతి వాక్యం చివరా "ఆయ్", "అండీ" తగిలిస్తారు. పెద్దాయనకి కొబ్బరి తోట ఉందంటారు. కానీ ఆ తోటలో దింపు ఎప్పుడు తీస్తారో, ఒలుపు కూలి ఎంతో, కాయ అమ్ముతారో, కురిడీకి (గుండుగా ఎండిన కొబ్బరికి) అటకెక్కిస్తారో ఏ పాత్రకీ తెలియదు. సార్వా లేదు, దాళ్వా లేదు, కాలువ కట్టేసే రోజు లేదు. కథకి ఇవి బరువని అనుకోవడం తప్పు. కురిడీ అమ్మేదా, ధర పెరిగేదాకా ఆగేదా అన్న ఒక్క మాట మీద అన్నదమ్ముల మధ్య వారం రోజుల కథ నడపచ్చు. ఆ తగాదా అంబాజీపేటలో ఎవరికైనా అర్థమవుతుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది కాగితాల గురించి. నిద్రమత్తులో ఉన్న తాతగారి చేత విలన్ సంతకం పెట్టించుకుంటాడు, మర్నాటికి ఇల్లు అతనిదైపోతుంది. అలా కాదండీ. ఇల్లు, పొలం చేతులు మారాలంటే దస్తావేజు రాయాలి, స్టాంపు డ్యూటీ కట్టాలి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో, వేలిముద్ర పడాలి. దానపత్రమైతే ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, రిజిస్టర్ కావాలి. లేకపోతే చెల్లదు. విడాకులూ అంతే. భార్య "విడాకుల కాగితాల మీద" సంతకం పెట్టగానే భర్తకి వేరే పెళ్లి ముహూర్తం పెట్టేస్తారు. హిందూ వివాహ చట్టం 13బి ప్రకారం ఇద్దరూ ఒప్పుకున్నా ఏడాది పాటు విడిగా ఉండి ఉండాలి, కోర్టులో పిటిషన్ వేయాలి, ఆరు నెలల తర్వాత మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలల్ని తగిన సందర్భంలో కోర్టు మాఫీ చేయచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ లేకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. ఇది తెలియక భయపడే ఆడపిల్లలు ఊళ్లలో నిజంగా ఉన్నారు. సంతకం పెట్టించుకున్నంత మాత్రాన కాపురం పోదని సీరియల్ ఒక్కసారి చెబితే ఎంతమందికి ధైర్యమొస్తుంది! వంద మంది పెద్ద ముత్తైదువల దీవెనల సీను కన్నా అది మేలు.

తొమ్మిదింటికి చానల్ మార్చి చర్చ పెడితే పద్ధతి అదే. తెర మీద ఆరు కిటికీలు. కింద రెండు స్క్రోలింగులు, మూలన పొద్దుటినుంచి కదలని "బ్రేకింగ్". యాంకర్ ఒక ప్రశ్న వేస్తాడు, మంచి ప్రశ్నే వేస్తాడు. ఒక పార్టీ ప్రతినిధి "మీ హయాంలో ఏం చేశారు?" అంటాడు. రెండో ఆయన అంతకు ముందు హయాం ఎత్తుతాడు. నలుగురు ఒకేసారి మాట్లాడతారు. విశ్లేషకుడు నోరు తెరిచేసరికి బ్రేక్. తిరిగొచ్చేసరికి మొదటి ప్రశ్న ఎవరికీ గుర్తుండదు. ఇక్కడా అంకెల ఒత్తిడే. వార్తా చానళ్ల రేటింగులు 2020 అక్టోబరులో ఆపేశారు, 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టి నాలుగు వారాల సగటు ఇవ్వసాగారు. ఒక్కరోజు అరుపుకి అంకె ఎగరకూడదన్నది ఉద్దేశం. అరుపు తగ్గలేదు, రోజూ అరవడం అలవాటైంది.

దేశ రాజకీయం అంటే తెలుగు చానళ్లకి ఢిల్లీ విమానం, అపాయింట్‌మెంట్, ఎవరు ఎవర్ని ఎంతసేపు కలిశారు. పార్లమెంటులో పెట్టిన బిల్లులో ఏముందో చదివి చెప్పేవాళ్లు అరుదు. 2024 జూన్ 1 సాయంత్రం చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీఏకి 350కి పైగా సీట్లు ఇచ్చాయి. 4న వచ్చినవి 293, బీజేపీకి సొంతంగా 240. ఆ రెండు రోజులు గంటలకి గంటలు అంకెలు చెప్పిన చర్చలు, లెక్క ఎక్కడ తప్పిందో కూర్చుని విప్పి చెప్పాల్సింది. ఏ ప్రాంతంలో శాంపిల్ తక్కువైంది, ఓట్ల శాతాన్ని సీట్లుగా ఎలా మార్చారు, ఎవరు నిజం చెప్పడానికి జంకారు? ఇవి జనానికి పనికొచ్చే ప్రశ్నలు. 5వ తారీఖుకల్లా మంత్రి పదవుల లెక్కలు మొదలయ్యాయి.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్లకి 2025 ఆగస్టు ఇంకా చేదుగా గుర్తుండి ఉంటుంది. అమెరికా మన సరుకు మీద సుంకాన్ని రెండు విడతల్లో 50 శాతానికి తీసుకెళ్లింది. రొయ్య రైతు టీవీ పెట్టింది ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ అంకెకి) కొనుగోలు ఆగింది, ఏ కౌంట్ పట్టుబడి ముందుకు జరుపుకోవాలి, మేత తగ్గించి ఆగితే నష్టమెంత అని తెలుసుకోడానికి. చర్చ మాత్రం ఇది ఎవరి వైఫల్యం అన్నదాని మీదే నడిచింది. కొబ్బరిదీ అదే కథ. 2025 సీజన్‌కి మిల్లింగ్ కొబ్బరికి క్వింటాలుకి 11,582, బాల్ కొబ్బరికి 12,100 రూపాయల మద్దతు ధర కేంద్రం 2024 డిసెంబరులోనే ప్రకటించింది. బాల్ కొబ్బరి అంటే మన కురిడీ. బయటి ధర దానికన్నా పైనుందా కిందుందా, కిందికొస్తే కొనేది ఎవరు, తేమ ఎంత ఉంటే తీసుకుంటారు? ఈ మూడు ముక్కలు చెప్పడానికి పది నిమిషాలు చాలు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం కూడా ఎన్నికలప్పుడే తెర మీదకొస్తుంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాల్సిన లైను. ఏ వంతెన ఏ దశలో ఉంది, భూసేకరణ ఏ ఊళ్లో ఆగింది, ఈ ఏడు బడ్జెట్‌లో ఎంత ఇచ్చారు అని ఆరు నెలలకోసారి అడిగే కార్యక్రమం ఒక్కటి ఉంటే ఈ ప్రాంతంలో అందరూ చూస్తారు.

వరద రోజుల్లో ఈ లోపం ప్రాణాల మీదకి వస్తుంది. గోదావరి పాయల మధ్య లంకల్లో ఉన్నవాళ్లకి కావాల్సింది మూడే అంకెలు: భద్రాచలంలో నీటిమట్టం, ధవళేశ్వరం దగ్గర మట్టం, ఆ మట్టం ఎన్నింటికి తీసుకున్నది. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకి మూడు హెచ్చరికలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. భద్రాచలం అంకె చూస్తే కింద లంకల వాళ్లకి సామాన్లు ఎత్తుకోడానికి, పశువుల్ని గట్టెక్కించడానికి టైము దొరుకుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, 1986 తర్వాత అంత వరద లేదు. అలాంటప్పుడు తెర మీద పడవలో నాయకుడి పర్యటన చూపిస్తూ, కింద టైము లేని అంకె వేస్తే ఎలా? పొద్దుటి అంకె సాయంత్రం దాకా తిరుగుతుంటే నీరు ఎక్కుతోందో తీస్తోందో ఎవరికి తెలుస్తుంది? దీనికి రేటింగుల సాకు చెల్లదు. అంకె పక్కన టైము వేయడానికి పైసా ఖర్చు లేదు.

మరి ఏం చూడాలి? సీరియల్ వదల్లేనివాళ్లకి మంచి దారి ఓటీటీ. స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో దొరుకుతాయి. వారం ఎపిసోడ్లు కూడబెట్టుకుని, నిన్నటి కథ, ముఖాల షాట్లు పది సెకన్ల చొప్పున దాటిస్తూ పోతే ఒక్కో ఎపిసోడ్ పది నిమిషాల్లోపే అయిపోతుంది. కథేమీ పోదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ చేతకాకపోతే సోమవారం, శనివారం మాత్రం టీవీలో చూసినా సరిపోతుంది. ముఖ్యమైన మలుపులు ఎక్కువగా వారాంతానికి పెడతారు, సోమవారం వాటిని మళ్లీ చెబుతారు.

రాజకీయానికి సంసద్ టీవీ. లోక్‌సభ, రాజ్యసభ టీవీలు కలిపి 2021 సెప్టెంబరులో మొదలుపెట్టింది. సమావేశాలున్న రోజుల్లో లోక్‌సభ ప్రశ్నోత్తరాలు పొద్దున 11 నుంచి 12, రాజ్యసభవి 12 నుంచి 1. హిందీ, ఇంగ్లిషు వల్ల ఇబ్బందే, కాదనలేం. దానికన్నా పనికొచ్చేది సంసద్ వెబ్‌సైట్‌లో మన ఎంపీ పేరు కొట్టి, ఆయన అడిగిన ప్రశ్నలు, మంత్రి ఇచ్చిన రాతపూర్వక జవాబులు చదవడం. లోక్‌సభలో రోజుకి నక్షత్రపు గుర్తున్న ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి. మొదటివాటికి మంత్రి సభలో నోటితో జవాబిస్తాడు, రెండోవాటికి కాగితం మీద. రైల్వే లైను గురించి, రొయ్యల గురించి అసలు అంకెలు దొరికేది ఈ కాగితాల్లోనే. కేంద్రం నిర్ణయాల తెలుగు ప్రకటనలు కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార విభాగం పీఐబీ పేజీలో ఉంటాయి. ఒక్క ప్రకటన చదివి చర్చ చూస్తే ఎవరు సగం చెబుతున్నారో వెంటనే పట్టుబడుతుంది.

ఫిర్యాదుకీ దారి ఉంది. కథ నచ్చలేదంటే ఎవరూ పట్టించుకోరు. కొట్టడాన్ని సమర్థించినా, కులాన్ని కించపరిచినా, తప్పుడు వార్త వేసినా కార్యక్రమ నియమావళి కిందికి వస్తుంది. 2021లో సవరించిన కేబుల్ నియమాల ప్రకారం ముందు చానల్‌కే రాయాలి. చానల్ 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ చానల్ చేరిన స్వీయ నియంత్రణ సంస్థకి పోవచ్చు, వార్తలకి ఎన్‌బీడీఎస్‌ఏ, సీరియళ్లకి బీసీసీసీ లాంటివి. ఎన్‌బీడీఎస్‌ఏ దాకా పోవాలంటే వార్త ప్రసారమైన ఏడు రోజుల్లోపు చానల్‌కి ఉత్తరం వెళ్లాలి. చానల్ పేరు, తేదీ, టైము, కార్యక్రమం, అన్న మాట ఉన్నదున్నట్టుగా రాయాలి. "మీ చర్చలన్నీ ఇంతే" అని రాస్తే అక్కడితో అయిపోతుంది.

కథ సాగదీత మీద మాత్రం చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ప్యాక్. రేటింగు మీటర్లు దేశమంతటా కలిపి యాభై వేల పైచిలుకు ఇళ్లలోనే ఉన్నాయి. మన ఇంట్లో మీటరు లేకపోతే టీవీ కట్టేసినా ఆ సంగతి ఎవరికీ తెలియదు. చానల్ తీసేస్తే తెలుస్తుంది. ఒక పే చానల్‌కి ఎంతమంది చందాదారులున్నారో ఆపరేటర్ నెలనెలా చానల్‌కి లెక్క ఇవ్వాలి. నెలలో 7, 14, 21, 28 తేదీల్లో సాయంత్రం 7 నుంచి రాత్రి 11 మధ్య లెక్కపెట్టి సగటు తీస్తారు. కాబట్టి సీరియల్ విసిగించినప్పుడు ఆ చానల్‌ని 7వ తేదీలోపు తీయించండి, నాలుగు లెక్కల్లోనూ మీ ఇల్లు ఉండదు. ఆపరేటర్‌కి నోటిమాటగా చెప్పి వదిలేయకండి. ఆయన యాప్‌లోనో కస్టమర్ నంబర్‌కో చెప్పి, తీసేసినట్టు మెసేజ్ వచ్చేదాకా చూడండి. బొకేలో ఉన్న చానల్ ఒక్కదాన్నే తీయడం కుదరదు. బొకే మొత్తం తీయించి, కావలసినవి విడిగా పెట్టించుకోవాలి. మళ్లీ కథ కదిలిందని పక్కింటివాళ్లు చెబితే ఆ 19 రూపాయలూ అప్పుడు కట్టచ్చు.